పొద్దుటి అంకె

భర్త ధనుంజయ మీద నాగశ్రీ ఫిర్యాదు చిన్నదే. ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. పాతికేళ్ళుగా కల్లూరులో పెయింట్ల అంగడి నడుపుతూ కూడా, వెలిసిపోయే రంగును వెలిసిపోతుందనే చెప్పి అమ్ముతాడు. అలాంటి మనిషి షుగర్ వచ్చిన నెలలోనే ఇంత నిబ్బరంగా బొంకడం ఎప్పుడు నేర్చాడో ఆమెకు అంతుపట్టలేదు.

"రాత్రి ఏం తిన్నారు?"

"నువ్వు పెట్టిన జొన్నరొట్టె."

"ఇంకా?"

"నువ్వు పెట్టని రెండో రొట్టె గురించి కొంచేపు ఆలోచన చేసినా."

మొదట్లో అంతా బాగానే ఉండేది. ల్యాబులో నూట డెబ్బై వచ్చింది. డాక్టరు ఒక మాత్ర రాసి, రోజూ పొద్దున పరగడుపున ఇంట్లోనే చూసుకొని ఆ అంకె ఫోనులో పంపమన్నాడు. పెద్ద పరీక్ష మూడు నెలల తర్వాత. నాగశ్రీ షుగర్ చూసే మిషన్ కొనింది. మొదటి వారం నిద్ర లేవగానే చూసేది. నూట యాభై దాటలేదు.

రెండో వారంలో ఎర్రగుంట్ల నుంచి ఫోన్ వచ్చింది. ఇదే జబ్బుతో ధనుంజయ వాళ్ళ అన్నకు కాలు మోకాలి కింద తీసేశారు. ఇద్దరూ బస్సులో పోయి చూసి వచ్చారు. ఇంటికొచ్చాక ఆయన చెప్పులు విడిచి, తన పాదాలను చాలాసేపు చూసుకున్నాడు. ఆమె కూడా వాటినే చూసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో బియ్యం పోయి కొర్రలొచ్చాయి. అమ్మవారికి దీపం పెట్టకుండా సూది ముట్టకూడదని నాగశ్రీ నియమం పెట్టుకుంది. దీపం, బెల్లం నైవేద్యం, హారతి. ఆ వెంటనే ప్రసాదం గిన్నెను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. ఇంట్లోనే దొంగ ఉన్నప్పుడు తప్పదు కదా. తర్వాత ఆయన చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగించి, కొంగుతో తుడిచి, సూది గుచ్చి, చుక్క వచ్చేదాకా వేలు పిండేది.

రెండు వందల పది.

ఆమె ఇంకా గట్టిగా మొక్కుకుంది. నైవేద్యం చిటికెడు నుంచి గుప్పెడైంది. డాక్టరు మాత్రల బలం పెంచాడు.

రెండు వందల డెబ్బై.

ఒకరోజు మిషన్ డబ్బాకు చీమలు పట్టాయి. ఆ డబ్బాను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నేను యాడా ఏమీ తినలేదు, నాగశ్రీ."

"చీమలు కూడా అబద్ధం చెప్తాండాయా? తప్పయిందని ఒక్కసారి ఒప్పుకోండి, చాలు."

వారం రోజులు ఇదే పాట. ఆఖరికి ఆయన అలసిపోయాడు.

"సరేలే, తిన్నా. తప్పయింది."

"ఏం తిన్నారు?"

"ఏమి తిన్నానంటే నమ్ముతావు?"

బెల్టుకు కొత్తగా రెండు రంధ్రాలు పడ్డాయి. ఆయన ముఖం వెలిసిన గోడలా అయింది. ఇప్పుడు ఆయనకు తనంటేనే భయం మొదలైంది. తెలియకుండానే తింటున్నానేమోనని, అంగడిలో కూర్చున్నచోటే జేబులు తడుముకునేవాడు. గురువారం కొర్రన్నం కూడా సగంలో వదిలేశాడు.

శుక్రవారం ఆమె అమ్మవారికి ఒక బెల్లం అచ్చు మొత్తం విరిచి పెట్టింది. హారతి ఇచ్చి, బీరువా తాళం వేసి, మిషన్ తెచ్చేసరికి ఆయన కుర్చీలో వాలిపోయి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. వేళ్ళు వణుకుతున్నాయి.

"కండ్లు మసకలైతాండాయి," అన్నాడు.

ఆమె ఆయన వేలు కడిగించి, తుడిచి, సూది గుచ్చి, పిండింది. మూడు వందల నలభై.

నాగశ్రీకి ఎర్రగుంట్ల మంచం, దుప్పటి కింద సగంలో ఆగిపోయిన కాలు కళ్ళముందు కదిలాయి. వేయాల్సిన మాత్రతోపాటు ఇంకొకటి కూడా తీసింది.

"నోరు తెరవండి."

అప్పుడే పక్కింటి స్తుతి లోపలికొచ్చింది. ఓర్వకల్లులో నర్సు. డ్యూటీకి పోతూ ఇంటి తాళంచెవి వీళ్ళకిచ్చి పోతుంది. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"అక్కా, ఆగు. ఆ మాత్రలు కింద పెట్టు."

చెంబు నీళ్ళతో ఆయన వేలు మళ్ళీ కడిగి, తన రుమాలుతో తుడిచి, కొత్త సూదితో తనే చూసింది. నలభై ఆరు.

ఇంకేమీ అడక్కుండా వంటింట్లోకి పోయి చక్కెర నీళ్ళు కలిపి తెచ్చి, గుక్కగుక్కగా తాగించింది. డాక్టరుకు ఫోన్ చేసింది. మాత్రలు ఆపి వెంటనే తీసుకురమ్మన్నాడు. పావుగంటకు అంకె ఎనభైకి వచ్చింది.

"ఆ మాత్రలు పడింటే అన్న లేచేటోడు కాదక్కా," అంది స్తుతి మెల్లగా.

ధనుంజయ కళ్ళు తెరిచాడు. "ఏమైనా తిన్నానా నేను?" అని అడిగాడు.

"ఏమీ తినలేదన్నా. దానితోనే ఇంత కష్టమొచ్చింది."

ఒకే మిషన్, ఒకే మనిషి, రెండు అంకెలు. నాగశ్రీ మొదట రక్తం చుక్క పట్టిన స్ట్రిప్పు బల్ల మీద పడుంటే స్తుతి తీసుకుంది. దానికి అప్పుడే ఒక చీమ పట్టింది. ఆమె స్ట్రిప్పు వంక చూసి, నాగశ్రీ వంక చూసింది.

నాగశ్రీ తన కుడిచేతి బొటనవేలినీ చూపుడువేలినీ ఆనించి చూసుకుంది. అవి అంత తేలిగ్గా విడిపోలేదు. ఆమె భర్త కాళ్ళ దగ్గర కూర్చుని, పాతికేళ్ళ కాపురంలో ఎన్నడూ అనని మాట అంది.

"తప్పు నాదేనండీ, మీరు బాగుండాలని అమ్మవారికి బెల్లం విరిచిన చేత్తోనే రోజూ మీ వేలు పిండుతాండా."