ఏడో ఇంటి ముసలమ్మ వేషం

ఉద్యోగం సులువైనదే. ముసలమ్మలా కూర్చోవాలి.

హార్లెమ్ పట్టణంలో మూడున్నర శతాబ్దాల కిందట ఒక బీరు వ్యాపారి దిక్కులేని వృద్ధ స్త్రీల కోసం ముంగిలి చుట్టూ పదమూడు ఒంటిగది ఇళ్లు కట్టించాడు. ధర్మకర్తలు కూర్చునే మందిరానికి మాత్రం, మూడు ఇళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినా తగలనంత ఎత్తున కప్పు వేయించాడు. దానానికి కూడా కొలతలుంటాయి మరి.

ఇటీవల ఏడో ఇల్లు ప్రదర్శనశాల అయింది. మిగతా పన్నెండిళ్లలో నిజమైన వృద్ధురాళ్లే ఉన్నారు. కాని వారు ప్లాస్టిక్ కుర్చీలు వాడతారు. అందువల్ల ప్రదర్శనకు పనికిరారు. పాతకాలపు దుస్తుల్లో కూర్చునే మనిషి కోసం ప్రకటన ఇచ్చారు.

డెబ్బై ఎనిమిదేళ్ల విల్మీన్ అందరికంటే ముందు వచ్చింది. ఈ పని ఆమెకు ఎలాగైనా దక్కాలి.

పరీక్షించేవాడు యూస్ట్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఉద్యోగంలోకి వచ్చి వారమైంది. ఇలాంటి ఇళ్ల మీద రెండు పుస్తకాలు రాశాడు.

"తల జాగ్రత్త అమ్మగారూ! లోపలికొచ్చేవాళ్లు దాతకు తల వంచాలని ఇంత పొట్టి గుమ్మం పెట్టారు."

"తలుపు చెక్క మిగులుతుందని పెట్టారు నాయనా," అంటూ ఆమె తల వంచింది.

గోడలో అలమరలా ఉన్న మంచం చూపించాడు. "ఆ కాలంలో ఇందులో కాళ్లు చాపకుండా, సగం కూర్చున్నట్టుగానే నిద్రపోయేవాళ్లు."

"మనిషి పడుకుంటే మరి దుప్పట్లెక్కడ సర్దుకుంటారు?"

"నా పుస్తకంలో దుప్పట్ల ప్రస్తావన లేదండీ."

విల్మీన్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.

"అటు కాదు, పొయ్యి వైపు!"

"ఇటైతే ముంగిట్లో నీళ్ల పంపు దగ్గరికి ఎవరొచ్చారో కనబడుతుంది కదయ్యా."

"ఆనాటి ముసలమ్మలు బయటికి తొంగిచూసేవాళ్లు కాదు, ప్రార్థన చేసుకునేవాళ్లు. ఇలా అడుగడుగునా వాదిస్తే ఇంకొకరిని చూసుకుంటాం."

ఆమె వెంటనే కుర్చీని పొయ్యి వైపు తిప్పేసింది. "వద్దు బాబూ. నువ్వెటు తిప్పమంటే అటే తిరుగుతా. ఆదివారాలూ వస్తా. ఈ పని మాత్రం నాకే ఇప్పించు."

ఆమె కళాభిమానానికి యూస్ట్ కరిగిపోయాడు.

"సరే. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. ఐదు దాటాక ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఇది చారిత్రక కట్టడం, ఎవరిల్లూ కాదు." కాగితం మీద సంతకం తీసుకుంటూ, ఓదార్పుగా అన్నాడు: "మీలో సహజత్వం కాస్త తక్కువే. పర్లేదు, నాలుగు రోజులు కూర్చుంటే అదే అలవాటవుతుంది."

మొన్న ఈస్టరు పండగకు ధర్మకర్తలు ఖాళీ చేయించేదాకా, ఇరవై రెండేళ్లు విల్మీన్ కాపురమున్నది ఆ ఏడో ఇంట్లోనే.