నాలుగు వందల ముప్ఫై ఇళ్ళ నాంచారమ్మ

నాలుగు వందల ముప్ఫై ఇళ్ళ తరఫున నాంచారమ్మ ఒక్కతే జవాబు చెప్పింది. ఆ జవాబు సున్నా.

వైష్ణవి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. స్క్రీను మీద అంకె మారలేదు. గాలివానకు మామిడికాయ రాలిపోయాక కూలీలకు గడిచిన వారంలో ఎన్ని రోజులు పని దొరకలేదో తేల్చే సర్వే అది. ఎక్కువ రోజులు పోగొట్టుకున్న పేటలకు నెలకు సరిపడా బియ్యం ఇస్తారు. ఆగిరిపల్లి పక్కనున్న ఈ పేటలో సాఫ్ట్‌వేర్ చీటీలు తీసినట్టు పది ఇళ్ళు ఎంచింది. తొమ్మిదింటికి తాళాలు. దాంతో పేట మొత్తం వచ్చి నాంచారమ్మ నెత్తిన పడింది. ఇలా ఒక ఇల్లు ఎన్ని ఇళ్ళ తరఫున లెక్కకొస్తుందో చెప్పే అంకెను వెయిట్ అంటారు. మూడు వారాలుగా నూజివీడులోని ఈ అద్దె గదిలో ఆ అంకెలతో వేగి వేగి వైష్ణవికి విసుగొచ్చేసింది.

విజయవాడ నుంచి ఆఫీసరు కిషోర్ బాబు ఫోన్ చేశాడు. అయిదింటికల్లా రిపోర్టు కావాలన్నాడు. ఒక్క ఇంటి మీద అనుమానంగా ఉందని ఆమె చెప్పింది.

"తీసెయ్యమ్మా."

"తీసేస్తే ఆ పేట లెక్కలోనే ఉండదండీ."

"అయితే ఉంచు."

"ఉంచితే అక్కడ అందరికీ రోజూ పని దొరికినట్టు అవుతుంది."

ఆయన నిట్టూర్చి, అయిదు గంటల సంగతి ఇంకోసారి గుర్తుచేసి పెట్టేశాడు.

ఆ పేటలో ప్రశ్నలు అడిగింది సలోమోను. అతనికి ఫోన్ చేసింది. మూడుసార్లు అడిగానని, మూడుసార్లూ ఆవిడ రోజూ పనికి వెళ్ళానందని అతను చెప్పాడు. తాళాలు పడ్డ ఇళ్ళవాళ్ళు పని వెతుక్కుంటూ చింతలపూడి వైపు వెళ్ళిపోయారట. ఊరంతా పని లేక వెళ్ళిపోతే ఈవిడ ఒక్కరికే ఎలా దొరికిందని వైష్ణవి అడిగింది. ఆ ప్రశ్న ఫారంలో లేదండీ అన్నాడు సలోమోను.

నాలుగూ నలభైకి వైష్ణవి నేరుగా నాంచారమ్మకే ఫోన్ చేసింది. మొహమాటపడొద్దని, పేటకు బియ్యం వచ్చేదీ రానిదీ ఆవిడ మాట మీదే ఉందని, ఓపిక కూడదీసుకుని నచ్చజెప్పింది.

"అబద్ధమెందుకు చెబుతానమ్మా? ఆ వారం ఒక్క రోజు కూడా ఖాళీ లేను. ఎండలో తిరిగి తిరిగి కాళ్ళు బొబ్బలెక్కాయి."

వైష్ణవికి ప్రాణం ఉసూరుమంది. ఇక చేయగలిగింది ఏమీ లేదనుకుంది. అయినా ఊరుకోలేక అడిగింది.

"చెట్టు మీద కాయే లేదు కదండీ, ఎవరి తోటలో పని?"

"తోటలో పనెక్కడిదమ్మా? పేటలో ఇళ్ళన్నీ రాసుకోడానికొచ్చి, దారి చూపించమని వారమంతా నన్ను కూలికి పెట్టుకుంది మీ ఆఫీసోళ్ళే కదా."