ఎడమదా? కుడిదా?

కంప్యూటర్ లోపల ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ కోసం ఆ ఇల్లంతా వేడెక్కిపోయింది.

వర్క్‌షాపు ఒకటే. అందులో బావ ఒక కూలర్ చేశాడు. బావమరిది ఇంకొకటి చేశాడు. ఫ్యాక్టరీకి నమూనాగా పంపగలిగేది ఒక్కటే, అదీ ఈ సాయంత్రంలోగా. ఎవరికి వారు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నారు. వారం రోజులుగా మాటల్లేవు. ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క అయిన పాపానికి ఆమె అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతోంది.

"నువ్వే తేల్చక్కా" అన్నాడు తమ్ముడు.

"ఆఁ, నువ్వే తేల్చు. పక్షపాతం మాత్రం వద్దు" అన్నాడు భర్త, అది తనవైపే ఉంటుందన్న ధీమాతో.

"అసలు నేను కూడా..." అంటూ ఆమె ఏదో చెప్పబోయింది.

"ముందు మా సంగతి తేల్చు!" అన్నారిద్దరూ. ఆ వారంలో వాళ్లు కలిసికట్టుగా అన్న మొదటి మాట అదే.

ఆమె వాళ్లను బయటికి పంపి తలుపేసుకుంది. ఒకే రకం కంప్యూటర్లు రెండు తీసి, కూలర్లు బిగించి, మూతలు మూసింది. చేతికంటిన జిడ్డు తుడుచుకుంటూ తలుపు తీసింది.

"ఏది ఎవరిదో చెప్పను. చెబితే మీ చెవులు అబద్ధమాడతాయి. వీటిలో గెలిచిందే ఫ్యాక్టరీకి. మాట మీద ఉంటారా?"

"ఉంటాం" అన్నారు.

ప్రాసెసర్ల మీద పూర్తి పనిభారం వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. భర్త ఎడమదానికి చెవి ఆనించాడు. మొహం వెలిగిపోయింది.

"ఇది నాదే! పసిపిల్ల నిద్రపోతున్నట్టు లేదూ? ఆ కుడిది విను, చెవిలో జోరీగ!"

"జోరీగ మీ ఎడమదే బావా. కుడిదాని గాలి చూడండి, ఎంత ఒద్దికగా వస్తోందో. ఆ రెక్కల వంపు నాది కాక ఇంకెవరిది?"

"నీది బోర్డు వంగిపోయేంత బరువు కదా బామ్మర్దీ!"

"మీది మూత పట్టనంత ఎత్తు కదా బావా!"

రెండు మూతలూ చక్కగా పట్టే ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు.

ఆమె తెరల మీది అంకెలు చూపించింది. వేడి రెండింటికీ ఒకటే. చప్పుడూ ఒకటే.

"సమానం. ఏది పంపమంటారు?"

"ఎడమది!"

"కుడిది!"

"ఏది పంపినా తర్వాత వంకలు పెట్టరుగా?"

"నా పనికి వంకేమిటి? ఇంత మంచి కూలర్ చేసినవాడికి దండం పెట్టాలి" అన్నాడు భర్త. తమ్ముడు కూడా తన దండం తనకే పెట్టుకున్నంత పని చేశాడు.

ఆమె నవ్వు ఆపుకుంటూ మూతలు తీసింది.

బావ కూలరూ బావమరిది కూలరూ బల్ల కింద అట్టపెట్టెలోనే ఉన్నాయి, కంప్యూటర్లలో తిరుగుతున్న రెండూ ఆమె సొంతంగా చేసినవి.