కొమ్ము తాత

కొమ్ము మోగగానే గొల్ల కృష్ణయ్య బర్రె పాల చెంబును తన్నేసింది.

గౌలిపుర గల్లీలో పొద్దున్నే పాలు పిండడం కృష్ణయ్య ఇంట్లో తాతల నాటి పని. ఎదురింట్లోకి కొత్తగా అద్దెకు దిగిన ముసలాయన సరిగ్గా ఆ వేళకే గడపలో నిలబడి పొట్టేలు కొమ్ము ఊదడం మొదలుపెట్టాడు.

ఇదేం లొల్లి అని కృష్ణయ్య వెళ్లి నిలదీశాడు.

యూదుల కొత్త సంవత్సరం వస్తోందని, దానికి ముందు నెలంతా పొద్దున కొమ్ము మోగాలని, అది విని మనిషి తన తప్పులు తలచుకోవాలని ముసలాయన నెమ్మదిగా చెప్పాడు.

"మా బర్రెలు పాలు చేపుతలేవు. బంద్ చెయ్యి తాతా."

"మెడ నిమురుకుంట పిండు తమ్మీ, అలవాటైతది. నేనైతే బంద్ చెయ్య."

బర్రెల సంగతి తనకే నేర్పుతున్నాడని కృష్ణయ్యకు ఒళ్లు మండింది.

గల్లీ అంతా ఒక్కటైంది. ఆయన పేరేమిటో ఎవరూ అడగలేదు గానీ కొమ్ము తాత అని పేరు మాత్రం పెట్టేశారు. ఎక్కడి దేవుడో, ఎక్కడి మనిషో అని గొణిగారు. మన చప్పుడైతే పూజ, ఎదుటివాడిదైతే గోల కదా! వినాయకుడి మండపం మైకు చెవులు చిల్లులు పొడుస్తున్నా ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఊదడం కాగానే ఆయన తలుపు దగ్గరికి వేసి, మంచంలో ఉన్న భార్య పక్కన కూర్చునేవాడు.

ఓ రోజు కృష్ణయ్య కొమ్ము లాక్కుని మోరీ మురుగులో విసిరేశాడు.

ముసలాయన మోరీలో చెయ్యి పెట్టి దాన్ని తీశాడు. నల్లా కింద కడిగాడు. గల్లీ అంతా చూస్తుండగానే ఇంకా గట్టిగా ఊదాడు.

"ఇల్లు ఖాళీ చేపిస్త" అన్నాడు కృష్ణయ్య.

"చేపియ్యి. నడి రోడ్డు మీద నిలవడి ఊదుత."

యూదుల పండుగ రాకముందే ఓ పొద్దున కొమ్ము సగంలో ఆగింది. ముసలాయన గడపలోనే కూలిపోయాడు. ఆటో ఎక్కించేలోగానే ప్రాణం పోయింది.

కృష్ణయ్యకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మోయడానికి తనే మనుషుల్ని పోగుచేశాడు. అలవాటుగా వచ్చిన డప్పులవాళ్లను మాత్రం గల్లీ మొదట్లోనే ఆపేశాడు. బతికుండగా చేసిన అవమానం చాలు, చచ్చాక కూడా చెయ్యకూడదు అనుకున్నాడు.

లోపల ముసలమ్మ భర్త శవం పక్కన కూర్చుని ఉంది.

"అమ్మా, మీ యూదుల్ల ఎట్ల సాగనంపుతరో మాకెర్క లేదు. అందుకే డప్పులు ఆపిచ్చిన" అన్నాడు కృష్ణయ్య చేతులు కట్టుకుని.

ముసలమ్మ ఆయాసపడుతూ తలెత్తింది.

"ఎందుకు ఆపావు నాయనా, కొట్టించు. ఆయన మీ గొల్లవాళ్ల బిడ్డే. యూదురాలిని నేను, నాకు ఊపిరి చాలదని ఇన్నాళ్లూ నా కోసం ఊదాడు."