ఖాళీ కాలమ్

“ఆదివారాలు ఏం చేస్తుంటావమ్మా?” అని కాలేజీ అడ్మిషన్ల కౌన్సిలర్ అడిగితే, “మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు నడిపే లిఫ్టు తాతతో కూర్చుంటాను,” అంది కూతురు.

అమ్మకు తల కొట్టేసినట్టయింది.

కౌన్సిలర్ కళ్లజోడు సర్దుకున్నాడు. “చదువు కాక ఇంకేం చేసిందో రాయడానికి అప్లికేషన్‌లో పెద్ద కాలమ్ ఉందండీ. మార్కులు అందరికీ ఉంటాయి. సీటు వచ్చేదీ పోయేదీ ఆ కాలమ్‌తోనే.”

“వయొలిన్ అని రాయండి,” అంది అమ్మ.

“నాకు రాదుగా!”

“ఆరు నెలలు నేర్చుకున్నావుగా?”

“ఆరు రోజులు. పక్కింటివాళ్లు బతిమాలితే మానేశాను.”

కౌన్సిలర్ నవ్వు ఆపుకున్నాడు. అమ్మకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇంటికి వస్తూనే మొదలుపెట్టింది.

“ఏడాదిగా మెట్ల పక్కన బల్ల మీద కూర్చుని ఆ ముసలాయనతో ఏం బాతాఖానీ కొడుతున్నావే?”

“చెప్పను. ఎవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను.”

“సీటు పోయినా?”

“పోయినా!”

మొండిఘటం! ఎవరి పోలికో తెలుసు కాబట్టి అమ్మ ఆ మాట పైకి అనలేదు.

నాలుగో రోజు, కూతురు బయటికెళ్లినప్పుడు, లిఫ్టు తాతే వచ్చి తలుపు తట్టాడు. చేతిలో మడతపెట్టిన కాగితం.

“పాప అప్లికేషన్‌లో పెట్టండమ్మా. సాక్ష్యం ఉంటే నమ్ముతారంట కదా.”

అమ్మ విప్పి చూసింది. అక్షరాలు ఒక్కోటీ ఒక్కో దిక్కుకు పోతున్నాయి. వత్తులు ఉండాల్సిన చోట లేవు.

‘ఈ పాప నాకు చాల మేలు చేసింది. నేను సాక్షం.’

కింద సంతకం.

“అది పెద్ద కాలేజీ తాతా! ఇది చూస్తే నవ్విపోతారు. సిఫార్సులు రాసేముందు మీరు రాయడం నేర్చుకోవాలి.”

“అలాగేనమ్మా,” అన్నాడు తాత.

కాగితం చెత్తబుట్టలోకి పోయింది. ఆ సాయంత్రం సంగతి తెలిసి కూతురు ఇల్లెగిరిపోయేలా అరిచింది.

“ఆయన ఉత్తరం పనికిరాకపోతే ఇంకేదీ వద్దు. అబద్ధంతో వచ్చే సీటు అంతకంటే వద్దు!”

కాలమ్‌లో అమ్మ రాయించిన వయొలిన్‌ను కొట్టేసి, ఖాళీగానే పంపింది.

సీటు రాలేదు.

“ఇప్పుడు సంతోషమా?” అంది అమ్మ.

“ఏడుపొస్తోంది. అయినా మళ్లీ రాయమంటే మళ్లీ ఖాళీగానే పంపుతాను.”

ఆ వారమే లిఫ్టు తాత ఆస్పత్రిలో పోయాడని తెలిసింది. ఆయన సామాను తీసుకెళ్లడానికి వచ్చిన భార్య, పైకొచ్చి అమ్మను పలకరించింది.

“పాప ఇంట్లో లేదామ్మా? ఒక్క మాట చెప్పండి. ఆస్పత్రి కాగితం మీద వేలిముద్ర వేయమంటే ఈయన ఒప్పుకోలేదు. సిరా అవతల పెట్టమని నర్సుతో పోట్లాడి, సంతకమే పెట్టారు!”

“వేలిముద్ర ఎందుకు అడిగారు?” అమ్మకు అర్థం కాలేదు.

ముసలావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఇదివరకు అదే వేసేవారమ్మా. ఈ వయసులో అఆలు దిద్దుతున్నానని తెలిస్తే నవ్వుతారని పాపతో ఒట్టు వేయించుకున్నారు. పాప సీటు కోసం మూడు రోజులు కూర్చుని మీకు తెచ్చిచ్చిన ఆ ఉత్తరమే, ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రాసింది.”