పన్నెండు సున్నాలు

ఇది ఆట కాదని సూర్యం ముందే తేల్చేసుకున్నాడు.

ఉక్కు ఫ్యాక్టరీ పక్కన బర్మామైన్స్ పేటలో, కాంట్రాక్టరు ఆఫీసు వెనక రేకుల కప్పు గది. పొద్దుటి షిఫ్టు దిగిన పన్నెండు మంది ఖలాసీలు, క్రేనుకి లోడు గొలుసులు తగిలించేవాళ్లు, సూర్యంతో కలిపి హెల్మెట్లు చేత్తో పట్టుకుని ఒక గోడవారగా నిలబడ్డారు. ఎదుటి గోడకి గుండ్రటి బోర్డు, దాని మీద అంకెలు. బల్ల మీద మూడు డార్టులు. పక్కన అట్టపెట్టె విప్పని మిక్సీ.

“ఒక్కొక్కరూ మూడేసి విసరాలి. ఆరుగురొక టీము. ఎక్కువ మార్కులు వచ్చిన మనిషికి మిక్సీ,” అంది బిందుప్రియ. అదే ఊళ్లో కద్మా పేటలో ఉండే తెలుగువాళ్ల అమ్మాయి. కంపెనీల్లో పనివాళ్ల చేత ఇలాంటి ఆటలు ఆడించడం ఆమె ఉద్యోగం. “ఊరికే సరదాకి, అంకుల్. టెన్షన్ వద్దు.”

“సరదాకయితే గుమ్మంలో ఆయనెందుకమ్మా?” అన్నాడు ఖలాసీల వరసలోంచి అప్పలరాజు.

గుమ్మంలో సూపర్‌వైజర్ వెంకటరావు ఉన్నాడు.

“నానూ సూద్దారనే వచ్చాన్రా. ఆడండెహె,” అన్నాడు.

సూర్యం నమ్మలేదు. వచ్చే నెలలో కాంట్రాక్టు మళ్లీ రాస్తారు. పన్నెండు మందిలో ఎనిమిది మందినే ఉంచుతారన్న మాట బాగ్‌బేరా బస్తీ టీ కొట్ల దాకా పాకింది. పోయిన నెల జరిగినదానికి ఇది జవాబని అందరికీ తెలుసు.

ఆ రోజు క్రేను తాడులో పోగులు తెగి కనిపించాయి. సూర్యం ఆగమని ఎవరితోనూ అనలేదు. తన చేతిలో గొలుసు కింద పెట్టాడు. తర్వాత పదకొండు గొలుసులూ కిందికి వచ్చాయి. తాడు మార్చేదాకా నాలుగు గంటలు లోడు నేల మీదే ఉంది. ఎవడు ఆపించాడని వెంకటరావు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాడు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఇప్పుడు ఈ బోర్డు. చెయ్యి వణికేవాడెవడో, చూపు ఆననివాడెవడో మార్కుల్లో తేలిపోతుంది. అప్పలరాజుకి కుడి కంట్లో శుక్లం ఉంది. ఆ ఇంట్లో సంపాదించే మనిషి అతనొక్కడే.

షిఫ్టు దిగాక డార్టుల ఆట ఉందని నిన్ననే కబురొచ్చింది. అందుకే సూర్యం పొద్దున గేటు దగ్గరే అందరికీ చెప్పాడు.

“ఒక్క సూదీ బోర్డుకి తగలకూడదు. అందరికీ సున్నాలే వత్తే ఎవుణ్ణి తీత్తారు?”

అందరూ తలూపారు. ప్రవీణ్ కూడా “ఠీక్ హై మావా” అన్నాడు. కానీ ఇప్పుడు ప్రవీణ్ కళ్లు మిక్సీ పెట్టె మీద ఉన్నాయి. ఏటా దుర్గాపూజ మేళాలో బెలూన్లు పేల్చి గోడగడియారాలు గెలుచుకొచ్చే మనిషి. భార్య హేమకి ఎనిమిదో నెల. సూర్యానికి అనుమానం ఉన్నది అతని మీదే.

మొదట అప్పలరాజు నేల మీద గీసిన గీత దగ్గరికి వెళ్లాడు. వెనక్కి తిరిగి సూర్యాన్ని చూశాడు. సూర్యం రెప్ప వాల్చాడు. క్రేను మోతలో మాట వినపడదు కాబట్టి ఖలాసీలు కళ్లతోనే అడుగుతారు, కళ్లతోనే చెప్తారు. మూడు డార్టులూ గోడ సున్నంలో దిగాయి.

“టన్నుల దూలాన్ని గీత తప్పకుండా దింపుతారు. ఇంత బోర్డు కనపడ్లేదేట్రా?” అన్నాడు వెంకటరావు.

“దూలం పెద్దది బాబూ. ఈ సూది నా సేతికి ఆనట్లేదు.”

గదిలో నవ్వులు లేచాయి. బిందుప్రియ కూడా నవ్వి కాగితం మీద రాసుకుంది.

రెండోవాడు గోడకే కొట్టాడు. మూడోవాడూ గోడకే. ఆరుగురు అయ్యాక బిందుప్రియ పెట్టె విప్పి మిక్సీ బయట పెట్టింది. గెలిచినవాళ్లకి జీతంతో ఒకరోజు సెలవు కూడా ఇస్తామంది. ఏడోవాడు బలరామ్ మిక్సీని చూశాడు, సూర్యాన్ని చూశాడు, గోడకి కొట్టాడు.

సూర్యం ఇంకో సంగతి గమనించాడు. డార్టు తగిలిన చప్పుడు రాకముందే బిందుప్రియ పెన్ను కదులుతోంది. ఎలాగూ సున్నాయేనని ఈ పిల్లకీ తెలిసిపోయింది అనుకున్నాడు. నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

ప్రవీణ్ వంతు వచ్చింది. అతను ఎడమకాలు ముందుకి వేసి, మోచెయ్యి ఎత్తి, ఒక కన్ను మూశాడు. డార్టు మొన బోర్డు నడిమికి ఉంది.

“కమాన్ భయ్యా, సాయంత్రానికి మిక్సీ ఇంట్లో ఉంటుంది,” అంది బిందుప్రియ.

వీడొక్కడు కొడితే మిగతా పదకొండు మందీ కావాలనే తప్పించారని తెలిసిపోతుంది. అప్పుడు ఉద్యోగం పోయేది నలుగురికే కాదు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ప్రవీణ్ తల తిప్పాడు. సూర్యం అతన్నే చూస్తున్నాడు. రెప్ప వాల్చలేదు.

మూడు డార్టులూ గోడకి తగిలి కింద పడ్డాయి.

“అరే యార్, హేమా మార్ డాలేగీ, చంపేస్తుంది నన్ను,” అన్నాడు ప్రవీణ్ నుదురు కొట్టుకుంటూ.

చివరికి సూర్యం. అతను నేరుగా గీత దగ్గరికి నడిచి, మూడూ గోడకేసి కొట్టి వచ్చేశాడు.

“ఎవరికీ మిక్సీ రాలేదు. పర్లేదు, అందరికీ థాంక్స్,” అంది బిందుప్రియ. వెంకటరావు ఆమెని వరండాలోకి పిలిచాడు. ఖలాసీలు ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటూ సైకిళ్ల వైపు వెళ్లిపోయారు.

సూర్యం డార్టులు ఏరే వంకతో ఆగాడు. ప్రవీణ్ మూడోది బోర్డు అంచుకి గీసుకుందేమోనని అతనికి ఇంకా అనుమానం. కాగితం బల్ల మీదే ఉంది. హిందీలో రాసి ఉంది. హిందీ చదవడం అతనికి వచ్చు. పన్నెండు సున్నాలూ ఉన్నాయో లేదో చూద్దామని వంగాడు.

కాగితంలో మార్కుల గడే లేదు. ‘విసిరే ముందు ఎవరి వైపు చూశాడు’ అన్న గడి ఒక్కటే ఉంది, అందులో పదకొండు పేర్ల ఎదురుగా ‘సూర్యం’ అనీ, సూర్యం పేరు ఎదురుగా ‘ఎవరి వైపూ కాదు’ అనీ రాసి ఉంది.