ఏట్లో ఉతికే మనిషి

ఆ బొమ్మలో ఒక ఆడమనిషి ఏట్లో మోకాలి లోతున నిలబడి బట్టలు ఉతుకుతోంది. ఎర్రజుట్టు, పాలిపోయిన ముఖం. చుట్టూ మెలికల ముగ్గులాంటి అంచు. ఉతుకుతున్న బట్టలోంచి నెత్తురు కారి నీళ్ళలో కలుస్తోంది.

పోశయ్య చూపు అక్కడే ఆగిపోయింది. మరి అతని కులవృత్తీ అదే కదా! గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లో కంపెనీ క్యాంపు బట్టలన్నీ అతనే ఉతుకుతాడు. అందరివీ ఒకే రకం నీలం చొక్కాలు. ఎవరిది ఎవరిదో తెలియాలని, ఊరినుంచి తెచ్చుకున్న నల్లజీడి గింజల రసంతో కాలర్ లోపల మనిషికో గుర్తు పెడతాడు.

ఆ రోజు ఇంజినీరు ఇంటికి ఇస్త్రీ బట్టలు తెచ్చాడు. ఇంజినీరుది ఐర్లండ్. ఆయన భార్య తమ దేశపు పాత కథల్లోని దేవతల్నీ, మాయగుర్రాల్నీ రంగుల్లో వేస్తుంటుంది. బొమ్మలోని ఈమె ఎవరని పోశయ్య అడిగితే, డ్రైవర్ ఇమామ్ హుస్సేన్ మేడమ్‌ని కనుక్కుని చెప్పాడు. చావబోయేవాళ్ళ బట్టలు ముందుగానే ఉతికే మనిషట. ఎవరి బట్ట ఆమె చేతిలో పడితే వాళ్ళ పని ఖలాస్.

ఊళ్ళో ఎవరు పోయినా మైలబట్టలు ఉతికేది పోశయ్య ఇంటివాళ్ళే. అందుకే అతనికది కట్టుకథలా అనిపించలేదు.

అదే కంపెనీలో పనిచేసే అతని తమ్ముడు పర్శరాములు ఎనభై ఒకటి ఎండాకాలంలో పరంజా మీంచి పడ్డాడు. ఐదు నెలలైంది. నడుము విరిగింది, మాట పోయింది. రోజంతా ఒకటే మూలుగు. పోశయ్య శుక్రవారం శుక్రవారం ఆస్పత్రికి పోయి వాడి కళ్ళలోకి చూస్తాడు. ఆ కళ్ళు ఏమడుగుతున్నాయో అతనికి తెలుసు.

"ఇంక లేవడన్నా. ఎన్నేళ్ళయినా ఇంతే," అని నర్సు కృపాకుమారి మొన్ననే చెప్పేసింది.

తమ్ముణ్ణి ఎలాగైనా ఆ నరకంలోంచి బయటపడేయాలి. పోశయ్యకు ఇంకో కోరిక లేదు.

బొమ్మ చూసిన మర్నాడు ఒక నీలం చొక్కా పట్టుకొచ్చాడు.

"ఇమామ్ భాయ్, మేడమ్‌కు చెప్పు. బొమ్మల ఆమె చేతుల ఈ అంగి వెయ్యమను. కాలర్ లోపల గూడ కనవడాలె."

ఇమామ్ హుస్సేన్ నిర్ఘాంతపోయాడు. "పాగల్ అయినవా పోశన్నా? నీ జాన్ ఇస్తే తమ్ముని జాన్ నిలుస్తదా? ఊర్ల నీ పెండ్లాం కొమురవ్వ గతేంది?"

పోశయ్య తల వంచుకున్నాడు. చొక్కాను ఇమామ్ చేతిలో పెట్టాడు.

సంగతి విని మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇది ఉత్త బొమ్మేనని ఎంతో నచ్చజెప్పింది. పోశయ్య వింటేనా! నాలుగు రోజులు పని అవగానే వచ్చి గుమ్మం ముందు కూర్చుని కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఆమె కుంచె పట్టక తప్పలేదు. తమ్ముడి కోసం ఇంత చేసే అన్న ఎక్కడైనా ఉంటాడా అని ఇమామ్‌తో అందట.

శుక్రవారానికి బొమ్మ పూర్తయింది. ఆస్పత్రికి పోతూ పోశయ్య వచ్చి చూశాడు. నెత్తురు కారే నీలం చొక్కా. విచ్చుకున్న కాలర్. దాని లోపల ఉన్నవి ఉన్నట్టుగా రెండు నల్లచుక్కలు.

బొమ్మలోని ఆడమనిషికి చేతులెత్తి మొక్కి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

పోశయ్య తన చొక్కాలకు పెట్టుకునేది ఒక్క చుక్కే. రెండు చుక్కలు పర్శరాములువి.